ఆరుగురు పడుకునే బండి

“ఈ డబ్బాలో నేను పడుకోవాలంటే ముందు నన్ను మడతపెట్టాలి,” అంది జానెల్.

“మడతపెట్టేది నిన్ను కాదు, బల్లని,” అంటూ ఆర్లో భోజనాల బల్లను కిందికి దించి, రెండు పక్కల దిండ్లూ దాని మీదికి లాగి, మంచం చేసి చూపించాడు. “చూశావా? తిన్నచోటే పడక!”

“తిన్నచోటే పడుకోవడానికి నేనేమన్నా ఆవునా?”

అమెరికాలోని మిన్నెసోటాలో సరస్సుల మీద మంచు కరిగి, జనం పడవలకు రంగులు వేసుకునే మే నెల. ట్రెయిలర్ల దుకాణం వాళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా సాసేజ్ బన్నులు పంచుతున్నారు. ఆర్లో, జానెల్ దంపతులు యాభై దాటాక కొంటున్న మొట్టమొదటి ట్రెయిలర్ ఇది. బండి వెనక తగిలిస్తే ఇల్లు ఇల్లంతా కదిలి వస్తుంది గాని, ఇల్లాలు మాత్రం పట్టిన పట్టు నుంచి కదలడం లేదు. ఆమెకు పక్కా మంచం కావాలి, తలుపున్న స్నానాల గది కావాలి, బొత్తాం నొక్కితే గోడ బయటికి జరిగి లోపల చోటు పెరగాలి. ఆర్లోకు ఆ పడక పడదు. అతనికి కావలసింది గది కాదు, గతం.

“చిన్నప్పుడు మాది సరిగ్గా ఇలాంటిదేనయ్యా,” అన్నాడు అమ్మకాలు చూసే కర్ట్‌తో. “ఈ బల్ల మీద నేనూ అన్నయ్యా. పైన అరలో చెల్లి. ఆ తెర వెనక అమ్మా నాన్నా, మధ్యలో మా బుల్లి తమ్ముడు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే దేవదారు వాసన, బేకన్ వేగే వాసన, తడి తువ్వాళ్ళ వాసన. ఆ మూడూ కలిస్తేనే సరస్సు ఒడ్డున మా వేసవి.”

“తడి తువ్వాళ్ళు మేం ఇవ్వం సార్,” అన్నాడు కర్ట్. “కానీ ఆరుగురు మాత్రం హాయిగా పడుకోవచ్చు. కావాలంటే చూడండి, కాగితం మీదే ఉంది.”

“కాగితం మీద పడుకోవచ్చేమో,” అంది జానెల్.

ఆర్లో ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

“నీకు తెలుసుగా. అమ్మ పోయినప్పటినుంచీ నాన్న సరస్సు పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతున్నాడు. ఎనభై ఆరేళ్ళు వచ్చాయి. ఇంకెన్ని వేసవులుంటాయి చెప్పు? పాతదాన్లాంటిది చూస్తే మనసు కరుగుతుంది. ఒక్కసారి వస్తానంటే చాలు, నేను బల్ల మీదేం ఖర్మ, స్టవ్వు మీదైనా పడుకుంటా.”

జానెల్ అతని కాలరు సరిచేసింది. మాట కూడా సరిచేసుకుంది. “సరే. మామయ్యనే పిలువు. ఆయన ఏది చూసి ‘వస్తా’నంటే అదే కొందాం. కాకపోతే నేను చూసిన ట్రెయిలర్ కూడా ఎక్కించి చూపించాలి.”

సాసేజ్‌ల దగ్గరినుంచి ఆర్లో తండ్రి హాల్వర్‌ను తీసుకొచ్చారు. మూతి చివర ఆవ ముద్ద అంటుకునే ఉంది.

“ముందే చెప్తున్నా, నేను ఎక్కడికీ రాను. బన్ను పెడతారంటే వచ్చానంతే.”

“ఊరికే చూడు నాన్నా. చూస్తే ఏం పోతుంది?”

ముసలాయన మెట్టెక్కి లోపల నిలబడ్డాడు. బల్ల అంచు తడిమాడు. పై అర గడియ తీసి, వేసి, మళ్ళీ తీశాడు. వెనక తెరను రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“అచ్చం అదే,” అన్నాడు హాల్వర్. ఆయన కళ్ళు చెమర్చాయి.

“అదేగా నాన్నా! అయితే వస్తావుగా?”

“రాను.” గబగబా మెట్టు దిగిపోయాడు.

ఆర్లో ముఖం గాలి తీసిన టైరులా అయింది. ఇక మిగిలింది జానెల్ చూసిన పొడుగాటి ట్రెయిలర్. కర్ట్ బొత్తాం నొక్కి గోడ జరిపి చూపించాడు, హాల్వర్ చూడలేదు. ఫ్రిజ్జు తెరిచాడు, చూడలేదు. ముసలాయన తిన్నగా చివరిదాకా నడిచి, బూట్లతోనే పెద్ద మంచం మీద వెల్లకిలా పడి, కాళ్ళూ చేతులూ బారచాపాడు.

“ఇది ఎవరిది?”

“మీదే మామయ్యా,” అంది జానెల్. “మేం ముందువైపు సోఫా పరుచుకుంటాం.”

“రాత్రంతా నాదేనా?”

“పగలు కూడా మీదే!”

“అయితే ఇది కొనండి. వస్తాను.”

జానెల్ గెలిచింది. ఆర్లో కూడా గెలిచాడు, గాని ఓడినవాడిలా మంచం అంచున కూలబడ్డాడు.

“నువ్వు వస్తున్నావు, అంతే చాలు నాన్నా. కానీ ఆ పాతదంటే నీకు ఇష్టమే లేదా? దీపం ఆర్పాక అమ్మ చీకట్లో సన్నగా పాడేది. నువ్వు బయట నెగడు ఆర్పి లోపలికి వచ్చేలోపే మాకు నిద్ర ముంచుకొచ్చేది. ఆ పాట కోసమైనా...”

హాల్వర్ మోచేతి మీద లేచాడు. “మీ అమ్మ పాడేదా?”

“అదేంటి నాన్నా! రోజూ పాడేదిగా.”

ముసలాయన మళ్ళీ దిండు మీదికి వాలాడు.

“మీరు నలుగురూ, మీ అమ్మా సర్దుకున్నాక అందులో ఇంకో మనిషికి చోటెక్కడ మిగిలేదిరా? అన్ని వేసవులూ నేను పడుకున్నది బయట, కారు ముందు సీట్లో.”