గడ్డి మిషన్‌కి వేసిన దండ

దుర్గారావు ఊరు వదిలి పట్నం వచ్చి పనిచేస్తున్న వాట్‌గంజ్ పాత ఇనుము గోదాంలో విశ్వకర్మ పూజ. విరగ్గొట్టడానికి తుక్కు కింద వచ్చిన, వరిగడ్డిని కట్టలు కట్టే పాత మిషన్‌కి కూడా దుర్గారావు బంతిపూల దండ వేశాడు.

అది చూసి అతని భార్య అమ్ములు ఎడమచేత్తో సమ్మెట ఎత్తింది. కుడిచెయ్యి మోచేతి కింద లేదు. ఊళ్లో అలాంటి మిషనే నమిలేసింది.

“ఇయ్యాల ఇనుముని కొట్టకూడదే. మిషన్లకి సెలవు. నీ పగ రేపు తీర్సుకో,” అన్నాడతను.

అమ్ములు సమ్మెట దించింది.

“దీని మీద నాకు పగేటి? ఆ రోజు మిషన్ని తిప్పే ట్రాక్టరు నడిపింది నువ్వు. గడ్డి ఇరుక్కుంది, ఆపమన్నాను. ఆపితే పొద్దుపోతాది, నడస్తండగానే లాగీమన్నావు. ఒక్క నిమిషం సెలవు దానికి నువ్వియ్యనేదు.”

దండ తీసి మొగుడి మెడలో వేసింది. మళ్లీ సమ్మెట అందుకుంది.