ఒక్క వెంట్రుక చాలు

ఉండండి, పేజీ తిప్పకండి. ముందు ఉదయగిరిలో రాజమోహన్‌కి ఏమైందో వినండి.

ఎనభై నాలుగు, మే నెల. ఆత్మకూరు బస్సులో కిటికీ సీటు వాళ్ల నాయన శీనయ్యకిచ్చేసి, ఉక్కలో మగ్గుతూ పెళ్లిచూపులకి వచ్చాడు. అంటార్కిటికా చూసొచ్చిన సైంటిస్టు. పిల్ల కామాక్షి తెగ నచ్చేసింది. ఫ్యాను తన వైపు తిప్పబోతే "జలుబండీ, వద్దు" అన్నాడే గానీ చూపు మాత్రం ఆమె మీదే.

చిక్కల్లా పిల్ల తండ్రి గురుస్వామితో. కోడిగుడ్డు పేరెత్తినా నోరు పుక్కిలించే మనిషి.

"ఓడలో అన్ని నెలలుండినావే, చేప ముక్కన్నా నోట పెట్టలేదా?"

"లేదండీ. అన్నం, ఆవకాయ. అంతే."

నిజమే చెప్పాడు. అక్షరాలా నిజం.

"మరి ఆడ నీకేం పని?"

రాజమోహన్‌కి ఊపొచ్చింది. "క్రిల్ అని చిట్టి రొయ్యల్లాంటివి ఉంటాయండీ. అవి సముద్రంలో నాచు తింటాయి. వాటిని పెంగ్విన్లు తింటాయి. నైట్రోజన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలు. ఒకదాన్నొకటి తినేకొద్దీ ఒంట్లో బరువుది పెరుగుతా పోతాది. అది కొలిస్తే ఎవరేం తిన్నారో తెలిసిపోతాది."

"ఎట్టా కొలుస్తారు?" తలుపు చాటు నుంచి కామాక్షి గొంతు.

ఇంకేం, మనవాడు ఆగలేదు. "క్రిల్‌నైతే ఎండబెట్టి పొడి చేస్తాం. మనుషులకి అంత కష్టం లేదు, ఒక్క వెంట్రుక చాలు."

అనేసి నాలిక కరుచుకున్నాడు. పక్కన శీనయ్య దగ్గి, నేల చూపులు చూశాడు.

గురుస్వామి చూపు రాజమోహన్ నల్లటి ఒత్తయిన క్రాపు మీద వాలింది.

"అయితే ఒకటి పీకి మీ ల్యాబుకి పంపు. చేప లేదని తేలితే లగ్గం పెట్టుకుందాం."

"ఇప్పుడెందుకులెండి..." చెమటలు కారిపోతున్నాయి.

"చూసినావా అమ్మా," గురుస్వామి తన తల్లి ఆదిశేషమ్మ వైపు తిరిగాడు. "తినినాడు."

తలుపు చాటున కామాక్షి మొహం చిన్నబోయింది. రాజమోహన్ ప్రాణం విలవిల్లాడింది.

ఆదిశేషమ్మ అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. "నొప్పని భయపడతా ఉండాడేమో రా. తల వంచు అబ్బయ్యా, నేను పీకుతా."

అవ్వ చెయ్యి నెత్తి దాకా వచ్చేసింది.

మద్రాసులో కొని పెట్టుకున్న ఆ విగ్గులో వెంట్రుక ఏ చేపలు తిన్న పుణ్యాత్ముడిదో తెలియనప్పుడు, మీరైతే తల వంచుతారా?