నూట పద్నాలుగోది కాఫీ

"ఎలుగుబంటి స్ప్రే?"

"ఉంది."

"మార్చిలో ఎలుగుబంట్లు నిద్రలో ఉంటాయి కదా, మెర్వ్."

"ఒక్కటి లేచిందనుకో. ఇంకా నెల టైముంది, వెళ్లి పడుకోమని నువ్వు చెబుతావా?"

లోర్నా జాబితాలో ఆ గడికీ టిక్కు పెట్టింది. అది అరవై రెండోది. మొత్తం నూట పద్నాలుగు.

డిసెంబరు నుంచీ వాళ్ల వంటింటి బల్ల మీద కంచాలు లేవు, మ్యాపు ఉంది. మొగుడూ పెళ్లాలిద్దరూ సూపు గిన్నెలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. మ్యాపు మీద ఎర్ర చుక్కలు కారిబూ జింకల మందలకి, నీలం చుక్కలు కొండలకి. పచ్చ చుక్క ఒక్కటే ఉంది. అది సూపు మరక.

కెనడా ఉత్తరాన యూకాన్ రోడ్ల మీద ముప్పై ఏళ్లు మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి మెర్వ్. ఏ మలుపులో ఏ జంతువు ఏ వేళకి రోడ్డు దాటుతుందో తనకి తెలిసినట్టు ఆ జంతువుకి కూడా తెలియదంటాడు.

ఇంత హడావుడీ ఒక్క ఫొటో కోసం. కమ్యూనిటీ హాలు వాళ్లు ఏటా ఫొటోల పోటీ పెట్టి వేసే క్యాలెండరు అట్ట మీద ఆరేళ్లుగా పక్కింటి క్లైడ్ ఫొటోనే వస్తోంది. క్లైడ్‌కి కెమెరా లేదు. అడవికి పోడు. కిందటేడాది చెత్తడబ్బా మీద కూర్చున్న బొంతకాకిని జేబులోంచి ఫోను తీసి టక్కున నొక్కాడు. గెలిచాడు.

"ఆ కాకి మొహం చూడకుండా ఈ ఊళ్లో పన్ను కూడా పీకించుకోలేకపోతున్నాను. డాక్టరు గోడకి అదే. బ్యాంకులో అదే," అని మెర్వ్ ఏడాదంతా కుతకుత ఉడికిపోయాడు. ఈసారి ఫొటోలు ఇవ్వడానికి ఆఖరు రోజు సోమవారం.

శుక్రవారం తెల్లారగానే సామాను ట్రక్కు వెనక పెట్టెలోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. కంచె అవతల పక్కింటి కుక్కలు మొరిగాయి. వాటి వెనకే క్లైడ్ తల లేచింది.

"ఏంటి మెర్వ్, ఇల్లు ఖాళీ చేస్తున్నావా?"

"ఫొటోలు తీయడానికి పోతున్నాం. మూడు రోజులు."

"అబ్బో! నేనూ కాఫీ తాగడానికి బయల్దేరుతున్నా. దారిలో ఏమైనా కనబడితే తీస్తాలే."

మెర్వ్ ఆఖరి సంచీ లోపల పడేశాడు. పెట్టె మూత ఊరంతా వినబడేలా వేశాడు.

"కెమెరాలు కూడా వెనకేనా?" అంది లోర్నా.

"వెచ్చటి చోటి నుంచి చలిలోకి, చలిలోంచి వెచ్చటి చోటికి తిప్పుతుంటే లెన్సుకి ఆవిరి పడుతుంది. అవసరం వచ్చేదాకా ఆ మూత తీసేది లేదు."

"బ్యాటరీలు?"

"చూశాను. మూడుసార్లు."

"కార్డు?"

"లోర్నా, నేను క్లైడ్‌ని కాదు."

నూట పద్నాలుగోది కాఫీ. ఊరి చివర షాపు దగ్గర ఆగారు. ముందు వరసగా, మంచు పట్టి అన్నీ ఒకేలా కనబడే ట్రక్కులు పొగలు కక్కుతున్నాయి. మైనస్ ముప్పై నాలుగు డిగ్రీల చలిలో తాళం తీసి ఇంజిను ఆపేంత తెలివితక్కువవాడు ఊళ్లో ఎవడూ లేడు. లోపలికి పరుగెత్తారు. రెండు కాఫీలు, అరడజను డోనట్లు తీసుకుని బయటికి పరుగెత్తారు. లోర్నా కళ్లద్దాల మీద ఆవిరి అక్కడికక్కడే గడ్డకట్టింది. మెర్వ్ కోటు అంచు పట్టుకుని గుడ్డిగా నడిచి, ఎక్కి కూలబడింది.

"టిక్కు పెట్టు," అన్నాడు మెర్వ్ గేరు వేస్తూ. "నూట పద్నాలుగుకి నూట పద్నాలుగు."

ఊరు వెనకబడింది. కాసేపటికి లోర్నా సర్దుకుని కూర్చుంది.

"సీటు వెచ్చబడిందే! దీని హీటరు మూడేళ్లుగా చచ్చి పడుంది కదా?"

"నిన్న ఒక్క గుద్దు గుద్దాను. ఎక్కడ గుద్దాలో తెలియాలి."

"ముందద్దం మీద పగులు నా వైపు ఉండేది."

"చలికి పాకుతుంది."

"నీ వైపుకా?"

"ఇన్నేళ్లూ నీ సణుగుడు విన్నది. విసిగిపోయి ఇటు వచ్చింది."

లోర్నా డోనటు కాగితం అతని మీదకి విసిరింది. నాలుగు గంటలు అలాగే కీచులాడుకుంటూ ఉత్తరానికి పోయారు. దారిలో రెండు దుప్పులు కనబడ్డా మెర్వ్ ఆపలేదు. జాబితాలో దుప్పుల వంతు శనివారం.

పెల్లీ నది దాటాక మలుపు తిరిగి బ్రేకు మీద కాలేశాడు.

రోడ్డు నడిమధ్య లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి కూర్చుని ఉంది. చెవుల మీద కుచ్చులు, గడ్డం కింద జూలు. పక్కన రెండు పిల్లలు. వెనక తెల్లటి కొండ. మంచు మీద పడ్డ ఎండ వాటి బొచ్చుకి అంచు కట్టినట్టుంది. తల్లి ట్రక్కుని చూసి ఆవులించింది తప్ప కదల్లేదు.

మెర్వ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అట్ట," అన్నాడు గుసగుసగా. "అట్ట మీదే, లోర్నా."

చప్పుడు కాకుండా దిగాడు. వేళ్ల మీద నడుచుకుంటూ వెనక్కి పోయాడు. మూత ఎత్తాడు.

ఎత్తినవాడు ఎత్తినట్టే, లోపలున్న మేత బస్తాల వంక చూస్తూ నిలబడిపోయాడు.

లోర్నా కిటికీ కొంచెం దించింది. "ఏమైంది? కార్డు మరిచిపోయావు కదూ?"

"లోర్నా," అన్నాడు మెర్వ్, "మనకి కుక్క ఉందా?"

లింక్స్ లేచి, ఒళ్లు విరుచుకుని, పిల్లల్ని వెంటేసుకుని అడవిలోకి వెళ్లిపోయింది.

ఆ ఏడాదీ క్యాలెండరు అట్ట మీద క్లైడ్ ఫోనుతో తీసిన ఫొటోనే వచ్చింది: కాఫీ షాపు ముందు, క్లైడ్ ట్రక్కు మాయమైన ఖాళీ పక్కనే, ఎవరూ ఎక్కకుండా మిగిలిపోయి ఇంకా పొగలు కక్కుతున్న మెర్వ్ ట్రక్కు.