పోతయ్య ఆకువైద్యం

“మళ్లీ నెత్తురే!” అంటూ పోతయ్య పసరు గిన్నెని గుమ్మం బయటికి విసిరికొట్టాడు.

భార్య వీరమ్మ చిగురుకి కుట్లు పడి ఐదు రోజులైంది. కింది పళ్ల దగ్గర చిగురు జారిపోతే, బందరు డాక్టరు శోభనాద్రి గారు అంగిట్లోంచి కాస్త చర్మం కోసి అక్కడ అతికించి కుట్టారు. అది అతుక్కోకపోతే మళ్లీ కోయాలట. ఆ మాట విన్న దగ్గర్నుంచి పోతయ్య చేపల వేటకి వెళ్లడమే మానేశాడు.

పెదవి కదలకూడదు, మాట్లాడొద్దు అన్నారు డాక్టరు. అంతే, పెళ్లాన్ని నోరెత్తనివ్వలేదు. చేపల బజారు దద్దరిల్లేలా బేరమాడే మనిషి పాపం సైగలతో నెట్టుకొస్తోంది.

మాత్రలు వేళకి మింగిస్తూనే ఆకుల మీద పడ్డాడు పోతయ్య. మొదట జామాకు కషాయం. కింది పెదవి లాగి చూస్తే నెత్తురు. తర్వాత తుమ్మచెక్క. పూటకి నాలుగుసార్లు చూసినా నెత్తురే. చల్లపల్లి నుంచి బావమరిది గాయపాకు పంపితే, పసరు వేసిన ప్రతిసారీ టార్చిలైటు వేసి మరీ చూశాడు. వీరమ్మ చెయ్యి అడ్డం పెడితే, “మందు పడనియ్యవేంటే!” అని కసిరాడు.

పక్కింటి రూతు తొంగిచూసింది.

“కరక్కాయ అరగదీసి పెట్టకపోయావా అన్నయ్యా?”

“నీ కరక్కాయకో దణ్ణం! అన్నీ అయినయ్. మా అమ్మ కాలంలో కత్తితో తెగితే ఒక్క పసరుతో ఆగేది. ఇప్పుడు ఆకులు కూడా మోసం చేస్తున్నయ్!” వీరమ్మ వైపు చెయ్యి చూపాడు. “ఐదు రోజుల్నుంచి గంజి తాగి బతుకుతోంది రూతూ, ఇది.”

ఇక లాభం లేదని ఆటో మాట్లాడి వీరమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఏమేం పెట్టారు?” అన్నారు శోభనాద్రి గారు.

పోతయ్య తలవంచుకుని ఆకుల పేర్లన్నీ ఒప్పజెప్పాడు.

“తప్పు నాదేనండి. పిచ్చి ఆకులు పెట్టి దీని నోరు పాడు చేశానండి. మీరే చూడండి” అంటూ అలవాటైన చేత్తో భార్య కింది పెదవిని లాగి చూపించాడు. కుట్ల దగ్గర ఎర్రగా ఊరింది.

డాక్టరు గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నారు.

“తప్పు ఆకులది కాదయ్యా, నీ వేలిది.”