మూడు ఖాళీలు

“కనుబొమ్మలు పోతయని చెప్పిన గదా, ఇనవడలేదా?” రత్నాకర్ తన బోడి నుదురును వేలితో చూపించాడు.

“పోతే మళ్ల మొలుస్తయ్. నౌకరీ ఇస్తవా, ఇయ్యవా?” అంది సత్తమ్మ.

ఇబ్రహీంపట్నం చుట్టూ భూముల ధరలు ఆకాశాన్నంటిన రోజులవి. రత్నాకర్ పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి, తనూ ఆకాశానికే గురిపెట్టాడు. మిగిలిన నేల చెక్కలో రేకుల షెడ్డు వేసి, రాకెట్ క్లబ్బు అని బోర్డు తగిలించాడు. అతని రాకెట్లు పైకి తప్ప అన్ని దిక్కులకూ పోయేవి. ఒకటి పక్క కాలనీలో పెళ్లి పందిట్లో దూరింది. క్లబ్బులో చేరినవాళ్లు ఒక్కొక్కరే దవాఖాన మీదుగా ఇళ్లకు పోయారు. చివరికి బస్టాండులో కాగితం అంటించాడు. వత్తి ముట్టించేందుకు మనిషి కావాలి, పరుగు వచ్చి ఉండాలి. పడిన రాకెట్‌ను వెతికేందుకు మనిషి కావాలి, ఎవరడిగినా మాది కాదనాలి. ఊరివాళ్ల తిట్లు తినేందుకు మనిషి కావాలి, అనుభవం ఉండాలి.

ఆ పొద్దున అతను తాళం తీయకముందే షెడ్డు ముందు కూర్చుని ఉంది సత్తమ్మ.

“ఇంతకు నీకు ఏ నౌకరీ గావాలె?”

“మూడూ.”

“పిచ్చి లేసిందా?”

“అంగట్ల కూరగాయలమ్మిన. తిట్లు నాకు కొత్తనా? మేకలు తప్పిపోతే గుట్టలన్ని దేవులాడిన. అగ్గంటవా, పుట్టినకాంచి పొయ్యి ముంగల్నే ఉన్న.”

“ఆశకు జర హద్దుండాలె. ముగ్గురి బువ్వ ఒక్కదానివే తింటవా?”

“నీ ఇంట్ల తింటున్ననా? చేతనైతదో లేదో చూస్కో.”

రత్నాకర్‌కు ఒళ్లు మండింది. దీన్ని ఒక్క దెబ్బకు తరిమెయ్యాలనుకున్నాడు. షెడ్డు వెనక్కి తీసుకుపోయి, మూరెడు రాకెట్ నిలబెట్టి, ముట్టించిన అగరొత్తి చేతికిచ్చాడు.

“అంటువెట్టి ఉరుకు.”

సత్తమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. అయినా అంటించింది. రాకెట్ నేల మీద పడుకుని, బుసకొడుతూ ఆమె కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి గోడను గుద్దింది. చీర చెంగు అంటుకుంది. ఆమె దాన్ని కాలితో తొక్కి ఆర్పి, వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

“గింతేనా?”

గొంతు పెద్దదే గాని మొహంలో నెత్తురు లేదు. ఇంత పిరికిది మూడు ఉద్యోగాలకు ఎగబడటమేమిటి? జీతాల మీద ఎంత యావ! అతనికి అసహ్యం వేసింది.

షెడ్డులోకి వచ్చి కిటికీ సందులోంచి చూశాడు. “అగో, ఇంకొకరొచ్చిన్రు. సదువుకున్నోళ్లు. ఏ పనైన జేస్తమని ఫోన్‌ల చెప్పిన్రు. వత్తి పని ఆళ్లకిస్త. తిట్లు తినే పని నువ్వు తీస్కో.”

సత్తమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

“మూడూ నాకే. ముగ్గురి పని జేస్త, ఒక్కరి జీతమియ్యి.”

రత్నాకర్ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. బేరం మస్తుగా ఉంది.

“సరే, చావు.”

“ఆగు. ఖాళీల్లేవని బయటోళ్లకు నువ్వే చెప్పాలె. మళ్ల రావద్దని గట్టిగ చెప్పు. బస్టాండుల కాగితం గూడ చింపాలె.”

పక్కవాళ్ల కడుపు కొడితే గాని ఈమెకు నిద్రపట్టదు కాబోలు అనుకుంటూ అతను తలుపు తీశాడు.

బయట ఒక అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

“నౌకర్లు లేవు, పో. అన్ని ఈమెనే గుంజుకున్నది,” అని రత్నాకర్ పక్కకు జరిగాడు.

సత్తమ్మ గబుక్కున కాలిన చెంగును వెనక్కి దాచుకుంది.

ఆ అమ్మాయి కళ్లు ఎర్రబడ్డాయి.

“నేనొస్తనని తెలిసే, నన్ను లేపకుంట ముందుగాల వచ్చినవ్ గదా, అమ్మా!”