అలిగిన పిల్ల

ఇసుక రేణువులకంటే సముద్ర సింహాలే ఎక్కువున్న దీవి అది. పాలు పడాలంటే తల్లులు బిడ్డల్ని ఒడ్డున వదిలి చేపలకు పోవాలి. అలా పోయిన గవ్వమ్మ తుఫానులో చిక్కి, వారం ఆలస్యంగా తిరిగొచ్చింది. రొమ్ముల్లో ఏడు కాగుల పాలు, గుండెల్లో దడ.

"ఒరే నాయనా" అని పిలవగానే లక్ష పిల్లలు ఎగబడ్డాయి.

"నేనేనమ్మా నీ బిడ్డని."

"అమ్మా, ఎంత చిక్కిపోయావే."

"ఎవడైతే ఏంటే, ఒకడికి పట్టెయ్," అంది పక్కబండ ముసలిది.

"పరాయి నోట పడితే నావాడు పస్తుతో పోతాడత్తా," అంటూ గవ్వమ్మ వెతికింది.

బండ చాటున ఎముకల గూడులాంటి పిల్లొకడు అటు తిరిగి పడుకున్నాడు.

"నువ్వు నాకేం అమ్మవి కాదు, పో," అన్నాడు.

గవ్వమ్మకు ప్రాణం లేచొచ్చింది. "వీడే," అంటూ పక్కన వాలిపోయింది.