అర సెకను ఆలస్యం

“మళ్లీ గదే! పెదవులు ముందు కదుల్తున్నయ్, మాట అర సెకను ఆగి వస్తున్నది!”

హెడ్‌ఫోన్ తగిలించుకున్నవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. సుధాకర్ అరుపు మిర్యాలగూడ బస్టాండు దాకా వినిపించే ఉంటుంది. వంటింట్లోంచి అహల్య గారెల పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, హెడ్‌ఫోన్ ఒక పక్కకు లాగింది.

“ఇగో, మెల్లగ! మనస్వినికి రేపు లెక్కల పరీక్ష. ఇవి కొన్నదే పిల్లకు చప్పుడు కావొద్దని గదా?”

టీవీలో ఆగి ఉన్న బొమ్మ వాళ్ల పెళ్లిదే. రెండువేల రెండు నాటి కేసెట్‌ను మొన్ననే సూర్యాపేటలో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అక్కడే మీడియా ప్లేయర్, వైర్లు లేని హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చాడు సుధాకర్. అదంతా ఒక్క ఘట్టం కోసం. కొత్త కోడలిని గుమ్మంలో ఆపి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వనని ఆడబిడ్డ గోపిక అడ్డం నిలబడింది. ఎంతటి పెళ్లికూతురైనా అక్కడ తల వంచుకుని అరగంట నసుగుతుంది. అహల్య నిమిషమైనా నిలబడలేదు. “నేను, సుధాకరు వచ్చినం, తొవ్వ ఇడువున్రి!” అని ఠంగున వినిపించింది.

ఆ ఒక్క మాట మీద సుధాకర్ పదకొండేళ్లు మీసం తిప్పుకుంటూ బతికాడు. కొత్త హెడ్‌ఫోన్ పుణ్యమా అని ఇంకో ముచ్చట కూడా తెలిసింది. ఆ మాటకు ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్న చప్పుడుంది. ఎంత సిగ్గుపడిందో పాపం, అనుకుని పొద్దుటి నుంచి మురిసిపోతున్నాడు.

ఒప్పుకోనివాడు ఒక్కడే, కోదాడలో ఉండే గోపిక మొగుడు ప్రవీణ్. తన పెళ్లిలో గోపిక గంటసేపు నోరు విప్పలేదన్న కడుపుమంట ఆయనది. “ఆ బ్యాండు మోతలో నీకు వినపడిందా? కలగని ఉంటావు బామ్మర్దీ” అంటాడు కలిసినప్పుడల్లా. నిన్న ఫోన్లో మాటామాటా పెరిగి పందెం దాకా వచ్చింది. సాయంత్రం వచ్చి కళ్లారా చూస్తాడట. అహల్య చెప్పినట్టు తేలకపోతే, సుధాకరే గడపలో నిలబడి పెళ్లాం పేరు మీద పద్యం కట్టి అందరి ముందూ చదవాలి. పద్యమంటే సుధాకర్‌కు పదో తరగతి నుంచీ చలిజ్వరం.

“పెదవులు, మాట కలవకపోతే డబ్బింగ్ చెప్పించిన అంటడు!” అన్నాడు ఏడుపుగొంతుతో.

“గాయన వస్తే నాలుగు గారెలు పెట్టి పంపుదం. గీ పంచాయితీ మనకెందుకు?” అంది అహల్య.

“నా పరువు పోతది!” అని మళ్లీ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. ప్లేయర్ అమ్మిన గోవర్ధన్. పొద్దుటి నుంచి సుధాకర్ చేసిన ఫోన్లకు ఇప్పుడు తీరిక దొరికినట్టుంది. అహల్య ఎత్తింది.

“ఎవరి పేరు మీద తీసుకపోయిన్రమ్మా?”

“మా ఇంటాయన… ఆగున్రి. అత్తమ్మా, నా చేతులకు పిండి, జర నువ్వు మాట్లాడు.”

మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త బాలనర్సమ్మ ఫోన్ అందుకుంది. “మా సుధాకరు. మిర్యాలగూడ. సినిమా డబ్బ తెచ్చిండు” అని చెప్పి కొడుకు చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో ఎవరిని ఏమడిగినా సగం జవాబులు ఆవిడవే. దవాఖానలో డాక్టరు సుధాకర్‌ను నొప్పి ఎక్కడని అడిగినా ఆవిడే చూపిస్తుంది.

“బ్లూటూత్ అంటే జర లేటయితది సార్” అన్నాడు గోవర్ధన్. “ప్లేయర్ల ఆడియో సింక్ అని ఉంటది. దాన్ల సౌండు ముందుకు జరుపున్రి. కొబ్బరికాయ కొట్టే సీను పెట్టుకోన్రి. కాయ పగులుడు, చప్పుడు ఒక్కపారే కావాలె.”

సుధాకర్ జరిపాడు. ఈసారి చప్పుడు ముందొచ్చి కాయ తర్వాత పగిలింది. వెనక్కి జరిపాడు. మళ్లీ ముందుకు. ఆరోసారికి కాయా చప్పుడూ కలిశాయి. పంతులు మంత్రాలు కలిశాయి, డప్పు మీద కర్రలు కలిశాయి, “పేరు చెప్పందే కదలనియ్య” అంటున్న గోపిక పెదవులూ కలిశాయి.

ఆ తర్వాత గుమ్మం. అహల్య పక్కకు తిరిగింది, పెదవులు కొంచెం కదిలి ఆగాయి, మాట అప్పుడొచ్చింది. అదే అర సెకను!

మళ్లీ ఫోన్ చేశాడు.

“అన్ని కాడ్ల కలిసి ఒక్కకాడ కలవకుంటే నా సామానుది తప్పు ఎట్లయితది సార్? సింక్ మొదలున్న కాడికి తెచ్చి, వైరుది పెట్టి సూడున్రి” అన్నాడు గోవర్ధన్.

మనస్విని దగ్గర వైరున్న ఇయర్‌ఫోన్ లాక్కొచ్చాడు. కూతురు లెక్కల పుస్తకంలోంచి గుర్రుగా చూసింది. అందులోనూ అంతే.

బయట బండి ఆగింది. “బామ్మర్దీ, పద్యం రెడీయేనా?” అని గేటు దగ్గరే కేకేశాడు ప్రవీణ్. అహల్య వచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది. “ఇగ చాలు, ఆపున్రి.”

సుధాకర్ ఆమె భుజం మీదుగా మెడ చాచి, బొమ్మను మెల్లగా నడిపించాడు. అన్నేళ్ల తర్వాత మొదటిసారి మాట వినడం మాని పెదవులను మాత్రమే చూశాడు. మాట వస్తున్నంతసేపూ పెళ్లికూతురి పెదవులు గట్టిగా మూసే ఉన్నాయి. పక్కనే హారతి పళ్లెం పట్టుకుని అమ్మ. టీవీకి అడ్డం నిలబడ్డ అహల్య ముఖం ఎర్రబడింది. ప్రవీణ్ చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపించింది.

మంచం మీద బాలనర్సమ్మ చిక్కుడుకాయలు పక్కకు పెట్టి, రెండుసార్లు గొంతు సవరించుకుంది.

“పద్యం గూడ నేనే చెప్తలే బిడ్డా.”